తెల్ల జెండా కట్టిన ఇంట్లో కల్లు లేదు

సోమవారం మధ్యాహ్నం పన్నెండు దాటి పది నిమిషాలైంది. న్యాకల్లో అనే పిల్ల కనబడకుండా పోయి అప్పటికి మూడు రాత్రులు, రెండున్నర పగళ్ళు.

సార్జెంట్ మాలినేయో ఠాణాలో బల్ల ముందు కూర్చుని, తాను రాసుకున్న కాగితాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతోంది. పదిసార్లు చదివితే పదకొండోసారి కొత్త సంగతి పుడుతుందా? పుట్టదు. అయినా చదువుతోంది. శుక్రవారం మూడున్నరకి బడి వదిలారు. నాలుగుంబావుకి వాగు దాటే రాళ్ళ దగ్గర పిల్లని చూసినవాళ్ళున్నారు. తెల్ల చొక్కా, బూడిదరంగు గౌను, భుజాన పుస్తకాల సంచి. అక్కడినించి ఇంటికి పాతిక నిమిషాల నడక. నాలుగూ నలభైకి అమ్మమ్మ గుమ్మంలో ఉండాలి. లేదు. ఆ పాతిక నిమిషాల్లో పదిహేనేళ్ళ పిల్లని నేల మింగిందా, గాలి ఎత్తుకుపోయిందా?

ఈ మూడు రోజుల్లో ఆవిడ జీపు అడిగితే డీజిలు లేదన్నారు. కుక్కల్ని అడిగితే రాజధానిలో ఉన్నాయన్నారు. మనుషుల్ని అడిగితే రేపు చూద్దామన్నారు. ఈ రేపు అనే మాట కనిపెట్టినవాడెవడో నా చేతికి చిక్కాలి, ముందు వాణ్ణే లోపలెయ్యాలి అనుకుంది మాలినేయో.

ఎదురుబల్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ రాంత్సో నూనెలో వేయించిన పిండి ఉండని టీలో ముంచుకు తింటున్నాడు. ఆయన ఇరవై ఏళ్ళు పశువుల దొంగల్ని పట్టిన మనిషి. రెండు నెలల కిందట ఈ ఠాణాకి పెద్దగా వచ్చాడు. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, గొర్రె చెవిమీది గాటు చూసి అది ఎవరి మందదో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మనుషుల దగ్గరికొచ్చేసరికే ఆ చూపు పనిచెయ్యదు. శనివారం పొద్దున్నే ఒక టాక్సీ డ్రైవర్ని పట్టుకొచ్చి లోపల కూర్చోబెట్టాడు. ఎందుకయ్యా అంటే, వారం కిందట ఆ పిల్లని డబ్బులడక్కుండా ఎక్కించుకున్నాడట.

"ఇంకా చదువుతున్నారా అమ్మా? ఈపాటికి కంఠతా వచ్చుండాలే."

"వచ్చింది అయ్యా. అర్థమే రాలేదు."

"అందులో అర్థమేముంది? రెండే దారులు. ఆ టాక్సీవాడు పిల్లని సరిహద్దు దాటించైనా ఉండాలి. కాదంటే ఎవడో మనసుపడి పెళ్ళికని ఎత్తుకుపోయి ఉండాలి. మొదటిదైతే వాడే కక్కుతాడు. రెండోదైతే మనకసలు పనే లేదు. వాళ్ళ తరఫు పెద్దమనిషొచ్చి, 'మీ పిల్ల కోసం వెతక్కండి, మా ఇంట్లో ఉంది' అంటాడు. పిల్లకి బదులు ఇచ్చే ఆవుల బేరం తేల్చుకుంటారు. మనల్ని విందుకి కూడా పిలుస్తారు."

"ఆ పిల్లకి పదిహేనేళ్ళు. చట్టం పద్దెనిమిది అంటోంది."

"మా అమ్మకి పద్నాలుగు."

నోటిదాకా వచ్చిన జవాబుని మాలినేయో చల్లారిన టీతో పాటు మింగేసింది.

"పోనీ ఎత్తుకుపోయారే అనుకుందాం. మర్నాడు పొద్దెక్కేలోగా కబురు రావాలి. తప్పుడు పనికి కూడా మన దగ్గర ఒక పద్ధతుంది కదా. శనివారం పోయింది, ఆదివారం పోయింది. కబురేదీ?"

"వస్తుందమ్మా, కంగారేముంది."

"గొర్రెని కోశాక వస్తుంది. అప్పుడొచ్చి ఎవరికి లాభం?"

ఆ గొర్రె సంగతి ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎత్తుకొచ్చిన పిల్లకి గొర్రెని కోసి పెడతారు, కొత్త పేరు పెడతారు. ఆ మాంసం ముక్క నోట్లో పడిందా, పిల్ల ఇంక ఆ ఇంటిదే. తర్వాత ఏ పెద్దల ముందుకెళ్ళినా ఒక్కటే ప్రశ్న: తిందా? తింది. ఇంకేం మరి. పుట్టింటివాళ్ళే తలొంచుకుని ఇంటికి పోతారు, కోర్టులో సాక్ష్యం చెప్పేవాడు దొరకడు. మాలినేయో అనే పేరు కూడా ఆవిడకి కన్నవాళ్ళు పెట్టింది కాదు.

"మోలెఫీ ఫోను చేశాడా?" అంది.

మోలెఫీ న్యాకల్లోకి మేనమామ. ఆ పిల్ల తండ్రి ఆవులిచ్చి పెళ్ళి చేసుకోలేదు గనక పిల్ల తల్లివైపు ఇంటిదే. తల్లి సరిహద్దుకి అవతల ఎవరింట్లోనో పని చేస్తోంది. ముసలి అమ్మమ్మ ఉంది గానీ, ఇంటికి పెద్దదిక్కు మేనమామే. మూడు రోజులుగా ఊరివాళ్ళని వెంటేసుకుని గట్లన్నీ తిరుగుతున్నది కూడా ఆయనే. అరిచి అరిచి గొంతు పోయింది.

"పొద్దున చేశాడు, ఏమీ లేదన్నాడు. పాపం, నిరుడు దొంగలు ఆవులన్నీ తోలుకుపోయారు, కొట్టం ఖాళీ అయిపోయింది. ఆ కేసు నేనే చూశాను. ఇప్పుడేమో పిల్ల. మంచివాళ్ళకే వస్తాయమ్మా కష్టాలు."

అప్పుడు గుమ్మంలోంచి ముందు ఒక టోపీ, టోపీ కింద ఒక కంబళి, కంబళిలో ఒక ముసలాయన లోపలికొచ్చారు.

"శాంతి, అయ్యా! శాంతి, అమ్మా! నేను కేసు పెట్టాలి."

"శాంతి. ఏం పోయాయి, గొర్రెలా?" అన్నాడు రాంత్సో ఆశగా.

"న్యాయం పోయింది."

రాంత్సో మళ్ళీ టీ మీదికి వంగాడు.

"నా పేరు ఖోయెలే. వాగు దిగువన ఉంటాను. నిన్న ఆదివారం, చర్చి వదిలాక, మూడు గంటలకి మేం ఏడుగురం ఒడ్డున కూర్చున్నాం. పైకి చూస్తే ఎర్రమిట్ట మీద మాసెచాబా ఇంటికి తెల్ల జెండా! ఏడుగురం చూశాం, పద్నాలుగు కళ్ళు. గంటసేపు ఎక్కాం. ఈ మోకాలు చూడండి, గుమ్మడికాయ. పైకెళితే ఏమన్నారో తెలుసా? కల్లు లేదు పొమ్మన్నారు! తెల్ల జెండా కట్టి కల్లు లేదనొచ్చా? ఎర్ర జెండా కట్టి మాంసం లేదంటే మీరు ఊరుకుంటారా? ఆకుపచ్చది కట్టి ఆకుకూర లేదంటే ఊరుకుంటారా? ఇలా ఐతే రేపు ఏ జెండాని నమ్మాలి?"

"బయటికి నడు తాతా," అన్నాడు రాంత్సో. "ఇక్కడ పిల్ల తప్పిపోయి మేమేడుస్తుంటే."

"ఒక్క నిమిషం, తాతా, కూర్చోండి." మాలినేయో కుర్చీ లాగింది. "మాసెచాబా తెల్ల పైగుడ్డల చర్చి మనిషి కదూ? కల్లు కుండ ఎదురైతే పక్కదారిన పోయే మనిషి."

"అదేనమ్మా మా సంతోషం! ఇన్నాళ్ళకి దేవుడు ఆవిడ మనసు మార్చాడనుకున్నాం."

"జెండా ఎక్కడ కట్టారు? వాకిట్లో గడకా?"

"వాకిట్లో కాదు. వెనకాల చిన్న చుట్టిల్లుంది చూడండి, దాని కిటికీలోంచి రెల్లుకర్ర బయటికి పొడిచి, దానికి."

"ఎంత గుడ్డ?"

ముసలాయన చేతులు చాపాడు. "ఇంత. దానికొక చెయ్యి కూడా ఉంది."

"చెయ్యేమిటి?"

"చొక్కా చెయ్యమ్మా. గాలికి ఊగుతుంటే రండి రండని పిలిచినట్టే ఉంది. పాపం బీదముండ, గుడ్డ దొరక్క చొక్కా కట్టుకుంది కాబోలనుకున్నాం. దాహమేసినవాడు జెండాకి గుండీలున్నాయా అని చూస్తాడా?"

మాలినేయో చేతిలో పెన్ను ఆగిపోయింది. "మీరు పైకెళ్ళేసరికి?"

"తీసేశారు. ఆవిడ కొడుకు సెచాబా కర్ర పట్టుకు ఎదురొచ్చాడు. వాడు గనుల్లో ఉండాలిగా, ఎప్పుడొచ్చాడో ఏమో. నుదుటి మీద ఇంత గాయం. 'జెండా లేదు గిండా లేదు, దిగండి' అన్నాడు. ఆవిడేమో గుమ్మంలో నిలబడి మా మొహాలు చూడకుండా నేలకేసి చూస్తోంది. నేరం చేసిన మొహమే అది. రాసుకోండి."

"రాసుకున్నాను తాతా," అంది మాలినేయో. లేచి కంబళి భుజాన వేసుకుని ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "గుర్రాలు కావాలి అయ్యా."

రాంత్సో నవ్వాడు. "ఆయనేమో చొక్కాలో కల్లు చూశాడు. మీరు అదే చొక్కాలో పిల్లని చూస్తున్నారు. ఇద్దరికీ దాహమే."

"బడి చొక్కా అయ్యా. తెల్లది. ఎప్పుడూ కల్లు కాయని ఇంట్లో, ముందు వాకిలి మానేసి వెనక కిటికీకి కట్టారు. ఆ పిల్ల అరిస్తే ఆ మిట్ట మీద వినేవాడు లేడు. చూసేవాళ్ళు మాత్రం లోయ నిండా ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నం, మగాళ్ళందరూ జెండాల కోసం కొండలకేసి చూసే వేళ. దానికి తట్టింది, మనకి తట్టలేదు!"

"సరే పదండి, నేనూ వస్తాను. అక్కడేమీ దొరక్కపోతే ఈ కేసు సరిహద్దు పోలీసులకి పంపిస్తున్నామని మీ చేత్తో మీరే రాసి సంతకం పెట్టాలి. ఒప్పుకుంటారా?"

"పెడతాను. ఒక్కటే మనవి. ఈ సంగతి ఈ గది దాటకూడదు."

సరేనన్నాడు. అన్నాక గుర్రాల కోసం వెళితే అవి మేతకి పోయున్నాయి. పట్టుకొచ్చేసరికి ఒకదానికి జీను పట్టీ తెగి ఉంది. పురికొసతో కట్టేసరికి ఒంటిగంటన్నర. అంతసేపూ మాలినేయో పళ్ళు నూరుకుంటూనే ఉంది. తాళం వేసిన పెట్టె తాళంచెవి ఆ పెట్టెలోనే ఉన్నట్టు, ఈ ఠాణాలో ఏ పని మొదలెట్టాలన్నా ఇంతే. ఖోయెలే తనకి న్యాయం జరగడం కళ్ళారా చూడాలని ఎవరిదో ముసలి గుర్రం అడుక్కొచ్చి ఎక్కి కూర్చున్నాడు.

వాగు దాటుతుండగా రాంత్సో మామూలు మాటలా అన్నాడు. "పన్నెండూ యాభైకి మోలెఫీకి చెప్పాను లెండి."

మాలినేయో గుర్రాన్ని నీళ్ళ మధ్యే ఆపేసింది. "ఏం చెప్పారు?"

"ఉన్నదే చెప్పాను. జెండా, ఎర్రమిట్ట, మేం వెళుతున్నామని."

"గది దాటకూడదన్నానా లేదా?"

"మేనమామండీ! పరాయివాడా? పాపం నేనూ వస్తానన్నాడు. వద్దన్నాను. అయితే వాగు దిగువకి పోయి వెతుకుతానన్నాడు."

"ఆయన పక్కన ఉన్నవాడికి చెబుతాడు, వాడు పెళ్ళానికి చెబుతాడు. మనకంటే ముందు మన కబురు ఆ మిట్ట ఎక్కి కూర్చుంటుంది."

"మీకు మనుషుల మీద నమ్మకం లేదమ్మా."

"మీకు గొర్రెల మీద తప్ప దేనిమీదా చూపు లేదయ్యా."

మాలినేయో గుర్రాన్ని అదిలించి ముందుకు పోయింది.

మూడూ నలభైకి మిట్ట ఎక్కారు. రెండు చుట్టిళ్ళు, రాళ్ళ దడి, దడిలో ఆరు ఆవులు. మాసెచాబా వాకిట్లోనే నిలబడి ఉంది, వీళ్ళ కోసమే చూస్తున్నట్టు. అరవై దాటిన మనిషి. ముఖానికి చల్లగాలి కొడుతుంటే భుజాన ఏ గుడ్డా లేకుండా వణుకుతోంది.

"శాంతి, అమ్మా," అంది మాలినేయో గుర్రం దిగుతూ.

"శాంతి."

"సెచాబా ఏడమ్మా?"

"పనికెళ్ళాడు."

"ఎప్పుడు?"

"పొద్దున్నే."

"నడిచా?"

"నడిచే. మాకు గుర్రం లేదుగా."

మాలినేయో కాలి దగ్గర నేల చూపించింది. "ఈ గుర్రపు పేడ ఇంకా పచ్చిగానే ఉందమ్మా. డెక్కల గుర్తులు చూస్తే రెండు గుర్రాలు. ఎవరొచ్చారు?"

"దారిన పోయేవాళ్ళు."

"ఈ దారి మీ ఇంటితో ఆఖరు."

ముసలమ్మ పెదవి బిగించింది. వెనకనించి రాంత్సో, "గుర్రాలన్నాక వస్తాయి, పోతాయి," అన్నాడు. మాలినేయోకి ఆయన్ని ఆ పేడలోనే కూర్చోబెట్టాలనిపించింది.

వెనక చుట్టిల్లు తలుపుకి గొళ్ళెం బయటివైపు ఉంది. పాత తలుపు, కొత్త మేకులు.

"ఇదెందుకమ్మా బయట?"

"మేకపిల్లలు తోసుకొస్తాయని."

లోపల నేలంతా తాజాగా పేడతో అలికి ఉంది. మాలినేయో వంగి వేలు పెట్టింది. వేలు దిగింది. ఈ చలిలో అలికిన నేల ఆరాలంటే ఒక పగలు పడుతుంది. ఇది గంటన్నర కిందటిది, అంతకంటే ఎక్కువ కాదు. మాసెచాబా గోళ్ళలో ఇంకా ఆకుపచ్చగా పేడ ఉంది. అరవై దాటిన మనిషి, సోమవారం మధ్యాహ్నం, మేకపిల్లల గదిని ఇంత ముచ్చటగా ఎందుకు అలుకుతుంది? అడుగుల గుర్తులు మాయం కావడానికి కాకపోతే?

కిటికీ చట్రంలో విరిగిన రెల్లుపేడు ఒకటి ఇరుక్కుని ఉంది. పొయ్యి బూడిద కర్రతో కెలికితే నాలుగు చొక్కా గుండీలు దొరికాయి, కరిగి వంకరపోయినవి. వాటిని అరచేతిలో పోసుకుని రాంత్సోకి చూపించింది.

"గుండీలు ఏ ఇంట్లోనైనా ఉంటాయమ్మా," అన్నాడు. కానీ ఈసారి ఆ గొంతులో నవ్వు లేదు.

ధాన్యపు బుట్ట వెనక, పళ్ళెం మూత పెట్టి, ఒక రేకు గిన్నె. మూత తీసింది. గొర్రె మాంసం. కొవ్వు పేరుకుని తెల్లగా గడ్డకట్టింది. ఒక్క ముక్క కూడా కదల్లేదు.

మాలినేయో ఆ గిన్నెకేసి చాలాసేపు చూసింది. తర్వాత తల తిప్పకుండానే చాలా మెల్లిగా అడిగింది. పోలీసులా కాదు, ఒక కోడలు ఇంకో కోడల్ని అడిగినట్టు అడిగింది.

"ఏం పేరు పెట్టారమ్మా దానికి?"

మాసెచాబా గోడకి చేరగిలబడింది. ఏ ప్రశ్నకైనా అబద్ధం సిద్ధం చేసుకుని ఉంచుకుంది గానీ ఈ ప్రశ్నకి లేదు.

"మాఖొత్సో అని."

"పలికిందా?"

"లేదు. నా పేరు న్యాకల్లో అంది. ఎన్నిసార్లు పిలిచినా అదే మాట. నా పేరు న్యాకల్లో, మా ఇంటికి పంపండి."

"తిందా?"

"నీళ్ళు తాగింది. శుక్రవారం నించీ అంతే." ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. "మావాడు చెడ్డవాడు కాదమ్మా. ముప్ఫై నాలుగేళ్ళొచ్చాయి, గనిలోంచి తీసేశారు, ఎవరూ పిల్లనివ్వలేదు. దాన్ని కొట్టలేదు. తలుపు బయట కూర్చుని పాటలు పాడేవాడు. అది కిటికీలోంచి పొయ్యిరాయి విసిరింది. నుదురు పగిలితే ఆ రక్తం నాకు చూపించి, చేవగల పిల్లమ్మా అని నవ్వాడు. నిన్న ఆ చొక్కా చూశాకే నవ్వు పోయింది. ఇవాళ పొద్దున గొర్రెని కోశారు. ముక్క నోటి దగ్గర పెడితే పళ్ళు బిగించింది. పొద్దుగూకేలోగా తినకపోతే చేతులు కట్టి తినిపిస్తానన్నాడు."

మాలినేయో తడినేల మీదే కూర్చుండిపోయింది. తనకప్పుడు పదహారు. ఇలాంటి చుట్టిల్లే, ఇలాంటి గిన్నే. రెండో రోజు మధ్యాహ్నం తినేసింది. ఒప్పుకుని కాదు, భయపడి కూడా కాదు. ఆకలేసింది, అంతే. ఇరవై ఎనిమిదేళ్ళుగా తాను ఏం చెప్పబోయినా అందరూ ఒక్కటే అన్నారు, తిన్నావు కదా అని.

"మూడు రోజులు," అంది పైకే. "మూడు రోజులు, తల్లీ."

రాంత్సో గొంతు సవరించుకున్నాడు. "కోశారు అన్నావు. ఎవరెవరు?"

మాసెచాబా నాలిక కరుచుకుంది. "వాడొక్కడే."

"మీకు ఆవులే గానీ గొర్రెలు లేవు," అంది మాలినేయో లేస్తూ. "ఊళ్ళో కొంటే ఎందుకని అడుగుతారు. ఎవరు తెచ్చారు గొర్రెని?"

ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. చర్మం ఏదంటే వాగులో పడేశానంది. నెత్తురు కడిగేసింది, పేగులు కుక్కలకి వేసింది, నేల అలికేసింది. ఇల్లు అద్దంలా ఉంది. అంతా అయిపోయిందనుకుంటూ పెద్ద చుట్టిల్లు వెనక్కి వచ్చేసరికి, రాతిబండ మీద బోర్లించిన బేసిన్ ఒకటి, దానిమీద బరువుకి ఒక రాయి.

"అదేమిటి?"

"తల," అంది ముసలమ్మ నీరసంగా. "అది నేనెలా ముడతానమ్మా? మగవాళ్ళ వాటా కదా. తిరిగొచ్చి తింటాం, జాగ్రత్త అన్నారు."

మాలినేయో నిట్టూర్చింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆ నిట్టూర్పులో విసుగు లేదు. ప్రపంచంలో ఏ ఆనవాలైనా తుడిచేస్తుంది గానీ, మగవాళ్ళ తలమాంసం మీద చెయ్యి వేస్తుందా మా ఆడది? పారేసి బతుకుతుందా?

"అయ్యా, నేనూ ఆడదాన్నే. మీరే ఎత్తండి."

రాంత్సో బేసిన్ ఎత్తాడు. అలవాటుగా, ఎవరూ అడక్కుండానే, ముందు చెవి పట్టుకున్నాడు. "కుడి చెవి కొసని పిట్టతోక గాటు," అన్నాడు. ఠాణాలో పుస్తకంలోకి ఎక్కించేటప్పుడు చదివినట్టే చదివాడు. "ఎడమ చెవి కింది అంచున నొక్కు. ఒకటి... రెండు..."

ఆగిపోయాడు. చెవిని మళ్ళీ తిప్పాడు. బొటనవేలితో ఆ నొక్కుల్ని తడిమాడు.

"ఎవరి గుర్తు?"

రాంత్సో ఆ నొక్కుల్ని మళ్ళీ మొదటినించి లెక్కపెట్టాడు.

"అయ్యా, గొర్రె చెవి చదవడంలో మిమ్మల్ని మించినవాడు లేడంటారు. చదవండి."

"మోలెఫీది." ఆయన గొంతు ఆయనకే వినపడలేదు. "ఎవరో దొంగిలించి ఉంటారు..."

"పోయిందని మీతో చెప్పాడా?"

"ఆ మనిషి గొర్రెపిల్ల ఒకటి దారి తప్పినా నన్ను నిద్రపోనివ్వడు." రాంత్సో తలని బండమీద పెట్టేశాడు. "చెప్పలేదు."

మాలినేయోకి మూడు రోజుల చిక్కుముడి ఒక్క లాగుకి ఊడొచ్చింది. కబురు రాలేదు రాలేదని గుమ్మంలో కూర్చున్నాం. ఎందుకు రాదు? వచ్చింది. ఆచారం ప్రకారం ఇంటి పెద్దదిక్కుకే వెళ్ళింది. ఆ పెద్దదిక్కు దాన్ని కంబళి కింద దాచుకుని, గొంతు పోయేలా అరుస్తూ, ఊరందర్నీ ఈ మిట్టకి దూరంగా తిప్పాడు. పిల్ల అమ్మమ్మ ఒప్పుకోదు, తల్లి ఒప్పుకోదు. పిల్ల ఒక్క ముక్క తినేస్తే ఇంక ఎవరొప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఒక్కటే. ఖాళీ కొట్టంలోకి ఈ దడిలోని ఆవులు నడిచొస్తాయి. అందుకు తన గొర్రెనే తెచ్చాడు. పద్ధతి తప్పకూడదు కదా మరి!

"పన్నెండూ యాభైకి," అన్నాడు రాంత్సో. ముఖం బూడిదలా ఉంది. "నేనే చెప్పాను. జెండా, ఇల్లు, బయల్దేరే వేళ. మొత్తం నేనే..."

ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. తెరని మాలినేయో వైపు తిప్పాడు. మోలెఫీ.

"ఎత్తండి," అంది మాలినేయో గుసగుసగా. "ఏమీ దొరకలేదు. వెనక్కి పోతున్నాం. ఎప్పట్లా మాట్లాడండి. నన్ను తిట్టండి."

రాంత్సో ఫోను చెవికి ఆనించాడు.

"ఆఁ, మోలెఫీ! ఏముంది, మట్టిగడ్డ! తాగుబోతు మాట నమ్మి వచ్చాం. మా సార్జెంటమ్మ మొహం చూడాలి నువ్వు, పులిసిన జావలా ఉంది. ఇద్దరికీ దాహమే అని నేను ముందే చెప్పాను. ఆఁ, దిగిపోతున్నాం... నువ్వెక్కడ? వాగు దిగువనా? సరే సరే. చీకటి పడకముందే ఇంటికి పో, జలుబు చేస్తుంది."

ఫోను ఆపి నుదుటి చెమట తుడుచుకున్నాడు. మూడు రోజులుగా విని విని చెవులు కాలిపోయిన ఆ ఎగతాళి, మాలినేయోకి ఇప్పుడు తేనెలా ఉంది.

"వాగు దిగువన ఉన్నానంటున్నాడు. గాలి మాత్రం ఈలేస్తోంది," అన్నాడు రాంత్సో. "వాగు దగ్గర అంత గాలి ఉండదు."

"అమ్మా!" గుర్రాల దగ్గరనించి ఖోయెలే అరిచాడు. "అమ్మా, అటు చూడండి! మళ్ళీ కట్టారు!"

లోయకి అవతల, ఎదురు కొండ భుజం మీద ఒక మేతకొట్టం. రాళ్ళ గుడిసె, ఒక్కటే. ఆ రాళ్ళలోంచి పక్కకి పొడుచుకుని ఏదో తెల్లగా రెపరెపలాడుతోంది.

"అది ఎవరి కొట్టం?" అంది మాలినేయో. అడిగే ముందే జవాబు తెలుసు.

"మోలెఫీదే," అన్నాడు రాంత్సో.

మాసెచాబా తన భుజాలు తానే పట్టుకుంది. "అది నా చర్చి పైగుడ్డ. చలికి వణికిపోతోందని... తీసుకెళ్ళేటప్పుడు నేనే కప్పాను."

నలుగురూ చూస్తుండగానే గుడిసె పక్కకి ఒక మనిషి నీడ పరుగున వచ్చింది. తెల్లగుడ్డ ఒక్కసారి బిగుసుకుంది. కర్రతో సహా లోపలికి లాగేశారు. కొండ మళ్ళీ ఉత్త కొండైపోయింది.

నాలుగూ ఇరవై. పొద్దు గుంకడానికి గంట కంటే ఎక్కువ లేదు. అవతలికి చేరడానికి నలభై నిమిషాలు, అదీ గుర్రం కాలు జారకపోతే. పొద్దుగూకేలోగా చేతులు కట్టి తినిపిస్తానన్నాడు.

మాలినేయో గుర్రం ఎక్కింది. రాంత్సో తుపాకీ తీసి గుళ్ళు చూసుకుని తన గుర్రం ఎక్కాడు. వెనక్కి తిరిగి, "తాతా, మీరిక్కడే ఈవిడ దగ్గర ఉండండి. అక్కడ ప్రమాదం," అన్నాడు.

ఖోయెలే అప్పటికే ముసలి గుర్రాన్ని దిగుడుబాట మీదికి తిప్పేశాడు. ముఖంలో ఇందాకటి తగువు లేదు, కోపం లేదు.

"నిన్న ఆ చెయ్యి ఊగింది మాకోసమే అయ్యా," అన్నాడు. "ఏడుగురం వెళ్ళాం. లేదు పొమ్మంటే పోయాం. ఇవాళ పోను."